‘దివ్యోనీమ్’: షోమ్రోను ముట్టడిలో అమ్ముడైన ‘పావురపు రెట్ట’ అసలేమిటి? – తరచుగా అడిగే ప్రశ్నలు

బైబిల్ చదివేవాళ్లు రాజుల రెండో గ్రంథం ఆరో అధ్యాయం దగ్గర తప్పకుండా ఒకసారి ఆగుతారు. ‘పావురపు రెట్ట అమ్మారా? కొన్నవాళ్లు ఏం చేసుకున్నారు?’ అని అడుగుతారు. ఆ ఒక్క మాట చుట్టూ రెండువేల ఏళ్లుగా వాదనలు నడుస్తూనే ఉన్నాయి. తరచుగా వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఉన్నాయి.

ఈ మాట ఎక్కడ వస్తుంది? సందర్భం ఏమిటి?

2 రాజులు 6:25లో. సిరియా రాజు బెన్హదదు సైన్యమంతా కూడగట్టుకొచ్చి ఇశ్రాయేలు రాజధాని షోమ్రోనును ముట్టడించాడు. ఊళ్లోకి గింజ రాకుండా దారులు మూశాడు. లోపల కరువు ఎంత ముదిరిందో చెప్పడానికి కథకుడు రెండే రెండు ధరలు చెప్పి ఊరుకుంటాడు. గాడిద తల ఎనభై షెకెళ్ల వెండి, పావు కబ్ (కబ్ అంటే ఒక కొలత) ‘దివ్యోనీమ్’, అంటే పావురపు రెట్ట, ఐదు షెకెళ్లు. ఆ వెంటనే ఇద్దరు తల్లుల గొడవ వస్తుంది. అది చదివినవాళ్లు మరిచిపోలేరు, ఇక్కడ మళ్లీ చెప్పను. రాజు ప్రాకారం మీద నడుస్తూ బట్టలు చింపుకుంటే, లోపల ఒంటికి కట్టుకున్న గోనెపట్ట జనానికి కనిపించిందట.

షోమ్రోను మామూలు ఊరు కాదు. ఒమ్రీ రాజు షెమెరు అనే అతని దగ్గర రెండు తలాంతుల వెండికి కొండను కొని దానిమీద కట్టించిన నగరం. 1910లో అక్కడి తవ్వకాల్లో సిరాతో రాసిన కుండపెంకులు దొరికాయి. ముట్టడి కథ క్రీ.పూ. 9వ శతాబ్దంలో జరిగిందని సంప్రదాయ లెక్క. ఈ పెంకులు ఆ తర్వాతి శతాబ్దానివి. వాటిలో ‘పాత ద్రాక్షారసం’, ‘కడిగిన నూనె’ అంటూ సరుకు పద్దులున్నాయి. ఊరు బాగున్న రోజుల్లో అక్కడికి చేరిన సరుకు అలాంటిది.

రాసింది ఒకటి, చదివేది ఇంకొకటి అంటారు. అదేమిటి?

హీబ్రూ ప్రతుల్లో ఒక పద్ధతి ఉంది. పాఠంలో అక్షరాలు ఎలా ఉన్నాయో అలాగే ఉంచి, పైకి చదివేటప్పుడు వేరే మాట పలకమని అంచున రాస్తారు. రాసిన రూపాన్ని ‘కెతీవ్’ అంటారు, చదివే రూపాన్ని ‘కెరె’ అంటారు.

ఈ వచనంలో రాసి ఉన్న మాట ‘హరే యోనీమ్’, కలిపి పలికితే ‘హిర్యోనీమ్’. మొదటి అక్షరాన్ని గొంతులోంచి గరగరలాడే ‘హ’గా పలకాలి. అర్థం పచ్చిగా పావురాల మలం. చదవమన్న మాట ‘దివ్యోనీమ్’. ‘దివ్’ అంటే కారేది, జారేది. అంటే పావురాల నుంచి జారినది. సభలో చదివేటప్పుడు ఇబ్బంది లేకుండా కాస్త మర్యాద మాట పెట్టారన్నమాట.

ఇది ఈ ఒక్క చోటే జరగలేదు. యూదు రబ్బీల (మతగురువుల) చర్చల గ్రంథమైన తల్మూదులో మెగిల్లా 25బి పుటలో ఇలాంటి మాటల చిన్న పట్టీ ఉంది. పాఠంలో మొరటుగా ఉన్నవాటిని చదివేటప్పుడు నాజూకుగా మార్చాలని అక్కడ చెబుతారు. హిర్యోనీమ్‌ను దివ్యోనీమ్‌గా మార్చడం అందులో ఉంది. ఆ పట్టీలోనే అస్సూరు రాజు పంపిన అధికారి రబ్షాకే మాటలు కూడా ఉన్నాయి. అతను యెరూషలేము గోడ కింద నిలబడి, గోడ మీదివాళ్లు తమ మలం తిని మూత్రం తాగాల్సి వస్తుందని బెదిరించిన మాటలవి (2 రాజులు 18:27).

‘దివ్య’ అనే మన మాటతో ఏమైనా చుట్టరికం ఉందా?

లేదు. చెవికి అలా వినిపిస్తుంది, అంతే. రెండో సగం మాత్రం మీకు తెలిసిన మాటే. ‘యోనా’ అంటే పావురం. చేప కడుపులో మూడు రోజులున్న యోనా ప్రవక్త పేరు కూడా అదే. ‘యోనీమ్’ దానికి బహువచనం.

ఐదు షెకెళ్లంటే ఎంత? అది అంత పెద్ద ధరా?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. అడిగితే మాత్రం కథ సగం అర్థమవుతుంది.

షెకెల్ సుమారు 11 గ్రాముల పైచిలుకు వెండి, దాదాపు మన తులం. పాత తెలుగు బైబిల్ షెకెల్‌ను ‘రూపాయి’ అని రాసింది. దాన్ని చూసి నవ్వుకునేవాళ్లున్నారు గానీ, బ్రిటిష్ కాలం నాటి వెండి రూపాయి బరువు సరిగ్గా తులం. బరువు ప్రకారం చూస్తే ఆ మాట భలే కుదిరింది.

కబ్ కొలతను ఒక్కొక్కరు ఒక్కోలా లెక్కగడతారు. పావు కబ్ అంటే ఒకటిన్నర నుంచి రెండు గ్లాసులు అనుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు అదే కథలో తర్వాతి అధ్యాయం మొదటి వచనం చూడండి. రేపు ఈపాటికి షోమ్రోను ద్వారం దగ్గర ఒక సెయా మెత్తని పిండి షెకెలుకు, రెండు సెయాల యవలు షెకెలుకు అమ్ముతారని ఎలీషా ప్రవక్త చెబుతాడు. సెయాకు ఆరు కబ్‌లు, అంటే ఇరవై నాలుగు పావు కబ్‌లు. ముట్టడి విడిపోయాక ఒక్క షెకెలు పెడితే ఇరవై నాలుగు పావుల గోధుమపిండి వస్తుంది. ముట్టడిలో ఒక్క పావు దివ్యోనీమ్‌కు ఐదు షెకెళ్లు. కొలతకు కొలత చూస్తే నూట ఇరవై రెట్లు. యవలతో పోలిస్తే రెండువందల నలభై రెట్లు. రాజు పక్కనున్న అధికారి ఆ మాట నమ్మక, ఆకాశానికి కిటికీలు తెరిచినా ఇది జరిగే పనేనా అన్నాడంటే అనడూ మరి!

ఇంకో పోలిక. యోసేపును అన్నలు ఇరవై షెకెళ్లకు అమ్మారు. యిర్మీయా అనాతోతులో పొలం కొన్నది పదిహేడు షెకెళ్లకు. గాడిద తలకేమో ఎనభై.

నిజంగా రెట్టే తిన్నారా?

తిన్నారని వచనంలో లేదు. అమ్మారని మాత్రమే ఉంది. కానీ పక్కనే గాడిద తల ఉంది కాబట్టి, ఇదీ తిండి సరుకే అని వినేవాళ్లు అనుకోవడం సహజం.

పాత అనువాదాలన్నీ అక్షరార్థాన్నే పట్టుకున్నాయి. గ్రీకు అనువాదంలో పావురాల పెంట అనే ఉంది, లాటిన్‌లోనూ అంతే. తినడం అసాధ్యమేమీ కాదు. క్రీ.శ. 70 నాటి యెరూషలేము ముట్టడిని రాసిన యూదు చరిత్రకారుడు జోసీఫస్, జనం మురుగు కాల్వలు, పాత పేడకుప్పలు వెతికి దొరికింది తిన్నారని చెబుతాడు. ఆకలి అక్కడిదాకా తీసుకెళ్లగలదు.

నా ఇబ్బంది వేరే. రెట్ట ఎవరికి కావాలన్నా గోడ మీద, గూట్లో గీరుకుంటే దొరుకుతుంది. దాన్ని కొలపాత్రతో కొలిచి తులాల లెక్కన వెండికి అమ్మే వర్తకుడు ఎవరు? పైగా నగరంలో ఇంకా పావురాలు ఎగురుతున్నాయంటే జనం ముందు పావురాలనే తినేవాళ్లు.

పిడకల్లా పొయ్యిలోకి వాడి ఉండొచ్చు కదా?

చాలామంది చెప్పే జవాబే ఇది. వినగానే నచ్చుతుంది కూడా, ఎందుకంటే పేడతో వంట మనకు కొత్త కాదు. బైబిల్లోనూ దాఖలా ఉంది. యెహెజ్కేలు నాలుగో అధ్యాయంలో ప్రవక్త మనిషి మలం మీద రొట్టె కాల్చనని మొరపెట్టుకుంటే, దేవుడు ఆవుపేడకు ఒప్పుకుంటాడు.

కానీ రెండు గ్లాసుల రెట్ట పొయ్యిలో వేస్తే గిన్నెడు నీళ్లు కూడా కాగవు. దానికి ఐదు తులాల వెండి ఎవరు పోస్తారు? తలుపులు, దూలాలు, బల్లలు అన్నీ కాల్చేశాక వచ్చే ఆలోచన ఇది.

జోసీఫస్ ఇదే ముట్టడి కథను తిరిగి చెప్పేటప్పుడు రెట్టను ఉప్పుకు బదులు కొన్నారంటాడు. అంటే మొదటి శతాబ్దంలోనే ఈ వచనం చదివిన యూదుడికి ‘ఎందుకు కొన్నారు?’ అన్న సందేహం వచ్చిందన్నమాట. ఎరువు కోసమన్న వాదనను ఒక్క వాక్యంలో తేల్చేయొచ్చు. ముట్టడిలో ఉన్నవాడికి పొలం గోడ అవతల ఉంది.

అది మొక్క పేరు అంటారు. ఆధారం ఉందా?

ఉంది. అన్నిటికంటే గట్టిది అక్కాదియన్ భాష నుంచి వచ్చింది. అది హీబ్రూకు తోబుట్టువు లాంటి భాష, అస్సూరు, బబులోను ప్రాంతాల్లో మాట్లాడేవారు. అక్కడి మట్టిపలకల మొక్కల జాబితాల్లో ‘జే సుమ్మతి’ అనే పేరు కనిపిస్తుంది. అక్షరాలా ‘పావురపు రెట్ట’. అది ‘అషాగు’ అనే ముళ్లపొద గింజకు మారుపేరు. ఈ పొదను చాలామంది పండితులు మన జమ్మి చెట్టుకు చుట్టమైన కాయల పొదగా గుర్తించారు. దాన్ని ‘దొంగ కేరబ్’ అని కూడా అంటారు (కేరబ్ అంటే ఏమిటో కింద చెబుతాను).

17వ శతాబ్దంలో ఫ్రెంచి పండితుడు సామ్యూల్ బోషార్ అరబ్బీ మొక్కల పేర్లలో ఇలాంటివే వెతికి, ఇది ఒక రకం శనగలని తేల్చాడు. మొక్కలకు రెండు ముక్కల పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరిచిన లినేయస్ మాత్రం తెల్ల పూలు పూసే ‘ఆర్నితోగాలమ్’ దుంప అన్నాడు. కొండవాలు మీద ఆ పూలు విరబూస్తే దూరానికి రెట్ట చిమ్మినట్టే కనిపిస్తాయట. ఆ దుంపల్లో గుండెను దెబ్బతీసే విషం ఉంది.

తినే వస్తువుకు ఇలాంటి పేరేమిటని ముక్కు మూసుకోనక్కర్లేదు. మన పులిహోర తాలింపులో పడే ఇంగువను జర్మన్లు ‘టాయ్‌ఫెల్స్‌డ్రెక్’ అంటారు, అంటే దయ్యం పెంట. జనం నోట్లో పుట్టే మొక్కల పేర్లు మర్యాదలు చూసుకోవు. మన దగ్గర గాడిదగడపాకు, కుక్కతులసి ఉన్నట్టే వాళ్ల దగ్గర ఇది.

కేరబ్ కాయలు అంటే ఏమిటి? వాటి మాట ఎందుకు వస్తుంది?

మధ్యధరా తీరమంతా పెరిగే చెట్టు కాయలు. చింతకాయల్లా పొడుగ్గా, ముదురు గోధుమరంగులో ఉంటాయి. నమిలితే తియ్యగా ఉంటాయి. హీబ్రూలో ‘హారూవ్’. పశువుల మేత, పేదల తిండి రెండూ ఇవే. తప్పిపోయిన కుమారుడి కథలో పందులు తినేదాన్ని తెలుగులో ‘పొట్టు’ అని చదువుకుంటాం. గ్రీకులో అక్కడున్న ‘కెరాతియా’ ఈ కాయలే. బంగారం దుకాణంలో వినిపించే ‘క్యారెట్’ కూడా ఈ చెట్టు గింజ పేరు నుంచే వచ్చింది.

‘హిర్యోనీమ్’ హీబ్రూ అక్షరాలు ‘హారూవీమ్’ అక్షరాలకు దగ్గరగా ఉంటాయి. అందుకే నకలు రాసేవాడి చేయి జారి ఒకటి ఇంకొకటి అయిందని కొందరు పండితులు అన్నారు. నాకు ఇది అంతగా రుచించదు. కెతీవ్, కెరె రెండింట్లోనూ పావురాలు ఉన్నాయి, గ్రీకులోనూ ఉన్నాయి. అక్షరాలు మార్చకుండానే అర్థం దొరుకుతున్నప్పుడు పాఠాన్ని దిద్దడం ఎందుకు?

తల్మూదులో హనీనా బెన్ దోసా అనే నిరుపేద రబ్బీ ఉన్నాడు. ఒక శుక్రవారం నుంచి ఇంకో శుక్రవారం దాకా ఒక కబ్ కేరబ్ కాయలతో గడిపేవాడట. పేదవాడి కాయలను కబ్‌లతో కొలవడం అక్కడ మామూలే.

ఇంతకీ ఏది నిజమనిపిస్తుంది?

మేత కాయలో గింజలో అయి ఉండాలి. అక్కాదియన్ పేరు ఒక కారణం. ఇంకో కారణం కథలోనే ఉంది.

ఆర్నితోగాలమ్ దుంపలైనా, కొన్ని అనువాదాలు చెప్పే అడవి ఉల్లి అయినా ఊరి బయట తవ్వి తేవాల్సినవి. బయట సిరియా సైన్యం ఉంది. ముట్టడిలో అమ్మకానికి వచ్చేది ముందే లోపల దాచుకున్న సరుకే. ఎండిన కాయలు పాడవకుండా చాలాకాలం ఉంటాయి, పశువుల కోసం దాస్తారు. ఏడో అధ్యాయం 13వ వచనంలో ఒక సేవకుడు, ఊళ్లో మిగిలిన గుర్రాల్లో ఐదింటిని తీసుకుని శత్రువుల దండు ఏమైందో చూసొద్దామంటాడు. ఆ చివరి రోజుకు కూడా గుర్రాలు బతికే ఉన్నాయంటే, ఎక్కడో కాస్త మేత ఉన్నట్టే. ఇప్పుడు ధరల పట్టీ మళ్లీ చదవండి. మొదట గాడిద, దాని తర్వాత దివ్యోనీమ్. గాడిదను కోసుకు తిన్నాక గాడిద మేత మనిషి పళ్లెంలోకి వచ్చింది.

ధర్మశాస్త్రం ప్రకారం గాడిద తినకూడని జంతువు. అందులోనూ తల, మాంసం అంతగా లేని భాగం. మేత కాయలకు జనం పెట్టుకున్న పేరు రెట్ట. రెండూ చెప్పుకోడానికి సిగ్గుపడే తిండ్లే. కథకుడు ఈ రెండు ధరలనే ఏరుకోవడంలో చేదు ఎగతాళి ఉందని నాకనిపిస్తుంది.

అలాంటప్పుడు తెలుగు బైబిల్లో ‘పావురపు రెట్ట’ అనడం తప్పా?

కాదు. మాటకు మాట అదే. ఇంగ్లిషు అనువాదాలే తలో దారి పట్టాయి. కింగ్ జేమ్స్‌లో పావురపు రెట్ట, ఎన్‌ఐవీలో గింజల కాయలు, జెరూసలేం బైబిల్లో అడవి ఉల్లి. కాయలని రాస్తే చదివేవాడికి వికారం పోతుంది, కథ కూడా చప్పబడుతుంది. రెట్ట అని ఉంచి కింద ఒక వివరణ ఇవ్వడమే మంచిది.

కరువు తిండికి హీబ్రూలో ఇంకేమైనా అంతుపట్టని మాటలున్నాయా?

చాలా ఉన్నాయి. మూడింటి గురించి కాస్త చెప్పాలి.

‘పక్కూఓత్’ 2 రాజులు 4:39లో వస్తుంది. గిల్గాలులో కరువు. ఎలీషా శిష్యుల్లో ఒకడు పొలంలోకి కూరాకు కోసం వెళ్లి, అడవి తీగ కాయలు ఒడినిండా కోసుకొచ్చి, తరిగి కుండలో వేశాడు. నోట పెట్టగానే కుండలో చావుందని అరిచారు. ఎలీషా పిండి తెప్పించి అందులో వేశాడు. ఇవి చేదు పుచ్చకాయలని ఎక్కువమంది ఒప్పుకుంటారు. మన ఆయుర్వేదంలో ఇంద్రవారుణి అంటారు, చిన్న మోతాదులో విరేచనాల మందు. చూడ్డానికి ముద్దుగా, చిన్న పుచ్చకాయలా గుండ్రంగా ఉంటుంది. ఆకలితో ఉన్నవాడు మోసపోవడంలో వింత లేదు.

‘మల్లూఅహ్’ యోబు 30:4లో ఉంది. ఊరు తరిమేసిన బికారులు పొదల పక్కన పీక్కుని తినే ఆకు. ‘మెలహ్’ అంటే ఉప్పు, దాన్నుంచి వచ్చిన పేరు. ఉప్పునేలల్లో పెరిగే బూడిదరంగు పొద ఇది, ఆకు నమిలితే ఉప్పగా ఉంటుంది. కింగ్ జేమ్స్ అనువాదకులు దీన్ని ‘మ్యాలో’ అనుకున్నారు. తెలుగులో కూడా ఆ కుటుంబానికే చెందిన తుత్తి చెట్టు వచ్చి కూర్చుంది. అదే వచనంలో ‘రోతెమ్’ అనే ఎడారి పొద వేళ్లు వాళ్ల తిండి అని ఉంది. తెలుగులో అది తంగేడు. కీర్తన 120లోని నిప్పులు కూడా తంగేడు నిప్పులే. కానీ ఏలీయా అలసిపోయి కూర్చున్న చెట్టు అదే రోతెమ్ అయినా, అక్కడ మాత్రం బదరీవృక్షమైంది! రోతెమ్ వేళ్లు తినదగ్గవి కావు. అందుకే అక్కడి ‘లహ్మామ్’ను ‘వారి తిండి’ అని కాక ‘చలి కాచుకోడానికి’ అని చదివేవాళ్లున్నారు. ఆ అక్షరాలకు రెండర్థాలూ వస్తాయి.

మల్లూఅహ్ గురించి తల్మూదులో ఒక కథ ఉంది (కిద్దుషీన్ 66ఎ). యూదుల రాజు యన్నాయ్ ఎడారి ప్రాంతంలో అరవై పట్టణాలు గెలిచి వచ్చి పండితులందరికీ విందు చేశాడు. మన పూర్వీకులు మందిరం కట్టేటప్పుడు ఈ ఆకే తిన్నారు, వాళ్ల జ్ఞాపకంగా మనమూ తిందాం అన్నాడు. తెచ్చి వడ్డించారు, బంగారు బల్లల మీద.

ఇక ‘సాహీష్’. 2 రాజులు 19:29లో అస్సూరు దండు పంటలు పాడుచేశాక, మొదటి ఏడు రాలిన గింజ మొలిచి పండింది తినండి, రెండో ఏడు సాహీష్ తినండి, మూడో ఏడు విత్తండి అని యెషయా చెబుతాడు. అదే మాట యెషయా 37:30లో అక్షరాలు తారుమారై ‘షాహీస్’ అని ఉంటుంది. ఈ ఒక్క ప్రవచనంలో తప్ప హీబ్రూ బైబిల్లో ఇంకెక్కడా లేదు. సందర్భాన్ని బట్టి, మొదటి ఏడు మొలిచినదాని నుంచి మళ్లీ తనంతట మొలిచినది అనుకోవాలి.

యోసేపు కథలో ఐగుప్తులో దొరికిన ధాన్యానికి కూడా వేరే మాట ఉందట?

‘షెవెర్’. ఐగుప్తులో షెవెర్ ఉందని యాకోబు చూశాడు అని ఆదికాండం 42 మొదలవుతుంది. మామూలు ధాన్యానికి హీబ్రూలో వేరే మాటలున్నాయి. ఇది మాత్రం కొనుక్కునే గింజ, ముఖ్యంగా కరువులో. అవే అక్షరాలకు ‘విరగడం’ అనే అర్థం కూడా ఉంది. రబ్బీలు ఊరుకుంటారా? మొదటి అక్షరం మీది చుక్క జరిపి ‘సెవెర్’ అని చదివారు, అంటే ఆశ.

ఇలాంటి తిండి ఈ మధ్య కాలంలో ఎవరైనా తిన్నారా?

తిన్నారు. 1948లో యెరూషలేము ముట్టడిలో తిండి సరుకులు నిండుకున్నప్పుడు, జనం ఖాళీ స్థలాల్లో, పొలం గట్ల మీద పెరిగే ‘హుబేజా’ ఆకు కోసుకొచ్చి వండుకున్నారు. పాలకూరలా ఉడికించారు, ముద్దలు చేసి వేయించారు. అది మ్యాలో జాతి ఆకు, అంటే యోబు గ్రంథంలో కింగ్ జేమ్స్ అనువాదకులు ఊహించుకున్నదే. అరబ్బీలో ఆ పేరుకు చిట్టి రొట్టె అని అర్థం. ఆ మొక్క కాయ గుండ్రంగా, నొక్కితే చదునైన రొట్టెలా ఉంటుంది. పిల్లలు ఇప్పటికీ పచ్చికాయలు తెంపుకు తింటారు. చలికాలం వానలు పడ్డాక యెరూషలేము మార్కెట్లో ఆకు కట్టలు అమ్ముతారు, ఉల్లిపాయ, ఆలివ్ నూనె, నిమ్మరసం వేసి వండుకుంటారు.